వానను మరిచి బిగించిన పట్టా

వాన వెలిసినప్పటి నుంచి మా అక్క ఒకచోట కూర్చోలేదు. ఏ చేను కనిపిస్తే అందులోకి వెళ్లేది. జానెడు లోతు తవ్వి గుప్పెడు మట్టి తీసేది. పిడికిట్లో పిసికి ముద్ద చేసి, మోకాలి ఎత్తు నుంచి కింద పడేసేది. ముద్ద అలాగే చతికిలబడితే తడి ఎక్కువగా ఉందని అర్థం, ఇంకొక రోజు ఆగాలి. నాలుగైదు పెళ్లలుగా విరిగితే పదును కుదిరినట్టు. పొడిపొడిగా రాలిపోతే ఇక ఆ వానతో పని అయిపోయినట్టే. మా పడమటి పల్లెల్లో ఈ పరీక్ష తెలియని మనిషి లేడు. అయితే ఒక్క రోజులో నాలుగుసార్లు చేసిన మనిషిని ఆమెనే చూశాను.

మాది గరప నేల. ఎర్రమట్టి, గులకరాళ్లు. నల్లరేగడి అయితే పది రోజులైనా తడిని కడుపులో దాచుకుంటుంది. మా నేలకు అంత ఓపిక లేదు. వాన వెలిసిన ఐదో రోజు దాటితే గింజ వేసినా మొలవదు. అక్క ఊరు ఉదయగిరికి ఈవల ఉంది. పొద్దు వాలేటప్పుడు దుర్గం కొండ నీడ వాళ్ల చేల దాకా వచ్చేది. ఆ నీడ వచ్చిందంటే ఒక రోజు తగ్గిందని ఆమె లెక్క.

రెండేళ్లుగా వాన లేదు. నేను అప్పటికి ఇరవై ఏళ్లవాణ్ణి. ఉదయగిరిలో చిన్న బడిలో అక్షరాలు చెప్పేవాణ్ణి. కరువు ముదిరాక పిల్లలు తల్లిదండ్రులతో పాటు రోడ్డు పనులకు పోయారు, బడి మూతపడింది. నేను అక్క ఇంటికి చేరాను. నేను తినే ముద్ద ఎవరి ముద్దలోంచి వస్తున్నదో నాకు తెలుసు. ఆమె ఒక్కనాడూ ఆ మాట అనలేదు, నేనే ఇంట్లో నిమ్మళంగా కూర్చోలేకపోయేవాణ్ణి.

ఆ వానకు ముందు ఏడు ఒక మధ్యాహ్నం ఆమె అటక మీది విత్తనపు కుండను దించింది. వేపాకు, బూడిద కలిపి, మూతికి మట్టి మెత్తి దాచిన జొన్నలు. ఎవరితోనూ ఏమీ చెప్పకుండా మట్టి పగలగొట్టి, గింజలు కడిగి, తిరగట్లో విసిరి గంజి కాచింది. అక్కా, బావా, నేనూ ముగ్గురం తాగాం. ఖాళీ కుండను ఆమె కడిగి బోర్లించింది. ఎన్నో ఏళ్ల తరువాత నేనొక పత్రికలో పనికి కుదిరినప్పుడు, తాలూకాల నుంచి వచ్చే వానల వార్తలను నేనే కత్తిరించి వేసేవాణ్ణి. 'పడమటి తాలూకాలలో మంచి వాన. విత్తనాలు వేయుచున్నారు' అని రెండు ముక్కలు. వాన ఏ రోజు పడింది, విత్తనం ఏ రోజు చేరింది అని నేను ఎదురు అడిగితే తోటివాళ్లు నవ్వేవాళ్లు.

ఇప్పుడు ఆ ఏడు పడిన వాన సంగతి. ఉత్తర కార్తెలో తెల్లవారుజామున మొదలై పొద్దెక్కే దాకా కురిసింది. చేను తడిసింది, వెయ్యడానికి ఇంట్లో గింజ లేదు. అక్కకు మామ వరస అయ్యే పెద్దాయన ఒకరు ఆత్మకూరు అవతల ఉండేవాడు. ఆయన దగ్గర మూత తీయని పాతర ఒకటి ఉందని, అయినవాళ్లకు విత్తనానికి ఇస్తున్నాడని కబురు వచ్చింది. నేలలో గొయ్యి తవ్వి, గింజ పోసి, పైన మట్టితో మూసి దాచే కొట్టును మా వైపు పాతర అంటాం. ఆ మధ్యాహ్నమే బావ బండి కట్టాడు. అక్క కూడా ఎక్కింది.

"నువ్వెందుకు మే, ఇంటికాడ ఉండు" అన్నాడు బావ.

"మీ ఇద్దరికీ ఇత్తనం అప్పజెప్పి నేను ఇంట్లో కూర్చుంటానా? తోలు" అంది.

ఎద్దులు ఎముకల గూళ్లు. ఇంటి మీది గడ్డి కూడా వాటికే పెట్టి బతికించాడు బావ. రెండో రోజు ఎండ వేళకు పెద్దాయన ఊరు చేరాం. పాతర మూత తీయగానే లోపలికి దిగకూడదు. అడుగున నిలిచిన ఆవిరి మనిషిని పట్టి అక్కడే పడేస్తుంది. దీపం తాడుకు కట్టి దించారు, ఆరిపోయింది. కాసేపాగి మళ్లీ దించారు, మళ్లీ ఆరిపోయింది. అక్క ఆ గొయ్యి చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో లెక్క లేదు. సాయంత్రానికి గాని దీపం నిలవలేదు. మాకూ, ఊళ్లోని బావ దాయాదులిద్దరికీ కలిపి నాలుగు గోతాలు నింపుకున్నాం. రాత్రి బండి వాళ్ల దొడ్డి బురదలోనే నిలబడింది. ఆ సంగతి అప్పుడు ఎవరమూ పట్టించుకోలేదు.

మూడో రోజు పొద్దున బయలుదేరిన కాసేపటికే చక్రం మూలగడం మొదలుపెట్టింది.

"ఏంది ఆ మూలుగు?" అంది అక్క.

"కందెన లేదు. అందుకే."

"మొన్న పోయేటప్పుడు మూలగలే."

"మొన్న నీ మాటల్లో ఇనపడలేదులే" అన్నాడు బావ.

నేను బండి వెనక నడుస్తున్నాను. ఎడమ చక్రం నిటారుగా లేదు. లోపలికి గిన్నెలాగ గుంటపడినట్టు కనిపించింది. చెప్పాను. బావ తిరిగి చూడలేదు. ఆ చక్రాల మీద ఆయనకు చెప్పలేనంత మోజు. పోయిన ఎండాకాలం ఎండకు చక్రాల కొయ్య కుంచించుకుపోయి, పైనున్న ఇనుప పట్టాలు వదులై, నడుస్తూ నడుస్తూ జారి పడేవి. మామూలు రోజుల్లో అయితే చక్రాన్ని ఒక రాత్రి నీళ్లలో నానవేసి, కొయ్య ఉబ్బాక పట్టా కొలుస్తారు. ఆ ఏడు చక్రాలు నానవేసే నీళ్లు ఎక్కడున్నాయి? ఆత్మకూరులో కమ్మరి ఎండిన కొయ్యకే కొలిచి, పట్టా తుంచి, అతికించి, కాల్చి తొడిగాడు. "ఎంత బిగించమంటావు?" అని అతను అడగడం, "నీ చేతనైనంత" అని బావ అనడం నేను పక్కనే ఉండి విన్నాను. తొడిగాక రాయితో కొడితే పట్టా ఖంగుమని మోగింది. ఆ మోతను బావ ఊరంతా తిరిగి వినిపించాడు. ఆ రెండేళ్లలో మా వైపు బండి ఉన్నవాళ్లంతా అదే పని చేశారు. మళ్లీ వాన పడుతుందని, కొయ్య మళ్లీ ఉబ్బుతుందని ఒక్కరికీ తోచలేదు. కమ్మరికీ తోచలేదు.

బొగ్గేరు రేవు దగ్గరికి వచ్చేసరికి పొద్దు బారెడు ఎక్కింది. మొన్న దాటినప్పుడు ఇసుక తడిగా, గట్టిగా ఉంది. బండి ఖాళీ. ఇప్పుడు పైన ఎండ, కింద పొడి ఇసుక, మధ్యలో ఎక్కడో చీలమండ లోతు నీళ్లు. బండి ఏట్లోకి దిగి ఇరవై బారలు పోయిందో లేదో, పట్టాలు ఇసుకను కత్తుల్లాగ కోసుకుంటూ ఇరుసు దాకా దిగబడ్డాయి. ఎద్దులు మోకాళ్ల మీద పడ్డాయి. గోతాలు దించి గట్టుకు మోశాం. ఖాళీ బండిని వెనక్కి లాగాం. ఖాళీగా ఉన్నా చక్రాలు తిరగలేదు. ఎడమ చక్రం పక్కకు ఒరిగి బండి పెట్టెను ఒరుసుకుంటూ ఇసుకను దున్నింది. గట్టెక్కుతుంటే లోపల ఒక ఆకు, అంటే చక్రం నడిబొడ్డు నుంచి అంచుకు పోయే కర్రల్లో ఒకటి, ఠప్పుమని చిట్లింది.

ముగ్గురం ఆ చప్పుడు విన్నాం. నేను ఆకాశం చూశాను. పొద్దు నడినెత్తికి వస్తోంది. గాలి పడమటి నుంచి పొడిగా వీస్తోంది. ఆ గాలి మా చేని మీద కూడా వీస్తూ ఉంటుంది.

రేవు గట్టు మీద ఒక గుడిసె ఉంది. దాని ముందు కూర్చుని ఒక అవ్వ మమ్మల్ని చూస్తోంది. మంచి రోజుల్లో ఏరు దాటే బండ్లకు వెంట్లు పేని ఇవ్వడం ఆమె పని. వెంటి అంటే గడ్డితో పేనిన లావుపాటి తాడు. దాన్ని చక్రం చుట్టూ దట్టంగా చుడితే చక్రం ఏనుగు పాదమంత వెడల్పు అవుతుంది, ఇసుకలో దిగబడదు. అవతలి గట్టెక్కాక ఊడదీసి పారేస్తారు. కరువులో గడ్డి పశువుల నోట్లోకి పోయింది, ఆమె పని ఆగిపోయింది.

"ఏం అబ్బయా, ఆ చక్రం కడుపు లోపలికి పోయిన ఎద్దు మాదిరి ఉండాది" అంది అవ్వ.

"ఆత్మకూరు కమ్మరి కొట్టిన పట్టా అవ్వా అది" అన్నాడు బావ.

"అందుకే అడగతా ఉండా. ఈ మూడు దినాల్లో నీది నాలుగో బండి. అందురూ కరువులో బిగించుకున్నోళ్లే. వాన వొస్తాదని మీకెవురూ చెప్పలేదా?"

"ఎవురు చెప్తారు? పైనున్నోడు కూడా చెప్పలే."

అవ్వకు నవ్వు వచ్చింది. లేచి వచ్చి చక్రం పక్కన కూలబడి, ఆకులను ఒక్కొక్కటే వేలితో తట్టి చూసింది. "కొయ్య ఉబ్బింది. ఇనుము జరగనంటాది. ఇంక అది యాడికి పోవాల? లోపలికే పోవాల. పట్టా తీసెయ్యి, అదే కుదురుకుంటాది."

"పట్టా తీస్తే చక్రం విడిపోదా?"

"తీయకపోతే పగిలిపోతాది. ఏది కావాలో నువ్వే చెప్పు."

బావ నా వైపు చూశాడు, నేను అక్క వైపు చూశాను. అక్క ఏట్లోకి చూస్తోంది. బావ అసలు సంగతి బయటపెట్టాడు. "తీసినాక మళ్లీ ఎక్కదు. ఉబ్బిన కొయ్యకి ఇది సాలదు. ఉదయగిరి కమ్మరి దగ్గిర ముక్క అతికించి పొడుగు చేయించాల. ఏరు దాటితే ఇంటిదాకా అంతా రాళ్లే. ఉత్త కొయ్య మీద తోలితే చక్రం అరిగి పిప్పి అవతాది. కట్టెకి కూడా పనికిరాదు. నేను ఇప్పుడే ఉదయగిరి నడిచిపోయి, కమ్మరిని పిలుచుకొనొస్తా. రేపు సందేళకి వొచ్చేస్తాం."

"రేపు సందేళకి ఇక్కడ ఉంటే, ఎల్లుండి సందేళకి ఇంట్లో ఉంటాం" అంది అక్క. "ఎల్లుండికి ఐదు దినాలు అయిపోతాది."

"చక్రాలు పోతే మళ్లీ చక్రాలు యాడినుంచి తెస్తావు మే?"

"గింజ మొలవకపోతే బండిలో ఏం ఏసుకొని పోతావు? నన్నా?"

బావ లేచి గట్టు పొడుగునా అటూ ఇటూ రెండుసార్లు నడిచాడు. తరువాత వంగి ఇరుసు శీల పీకాడు. శీల పీకాడంటే ఒప్పుకున్నట్టే.

రెండు చక్రాలూ విప్పి నేల మీద పడుకోబెట్టాం. చల్లగా ఉండగా కొట్టి ఊడదీసే బిగువు కాదది. చుట్టూ మంట పెట్టి ఇనుము కాగి సాగాక కొట్టాలి. రేవులో పిడకలు లేవు, పిడకలకు పశువులు లేవు. కంప కొట్టుకొచ్చాను. వానకు తడిసి పొగే తప్ప మంట రాలేదు. అవ్వ ఇంటి వెనక పడి ఉన్న ఎండు తాటాకులు తెచ్చి అంటించాం. ఊది ఊది నా కళ్లు వాచాయి. పట్టా ఎర్రబడనక్కర లేదు, ఉమ్మి వేస్తే చుయ్యిమనాలి అన్నాడు బావ. అక్క పది ఊపిర్లకు ఒకసారి వచ్చి ఉమ్మి చూసేది. "ఉండమే, నీ ఉమ్ముకే సల్లారిపోయేటట్టు ఉండాది" అని బావ కసిరాడు. చివరికి గునపం మొన ఆనించి రాయితో చుట్టూ దెబ్బ మీద దెబ్బ వేశాడు. పట్టా మొదట కదలలేదు. తరువాత ఒక పక్క కొంచెం జారింది. ఆ పైన మొత్తం ఊడి నేల మీద ఖంగుమంది. ఆ మరుక్షణం చక్రం దానంతట అది కిర్రుమని కదిలింది. ఆకులు ఒక్కొక్కటిగా నిటారుగా కుదురుకున్నాయి. బావ చేతిలో రాయి అలాగే పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

రెండోది ఊడేసరికి పొద్దు వాలింది. పట్టా లేని చక్రానికి ఏ ముక్కకు ఆ ముక్క కదులుతోంది. వాటిని పట్టి ఉంచడానికీ, ఇసుకలో దిగబడకుండా ఉండడానికీ వెంటి చుట్టి తీరాలి. గడ్డి ఎక్కడుంది? గుడిసె పక్కన బోదగడ్డి కట్టలు పది ఉన్నాయి. మొన్నటి వానకు అవ్వ గుడిసె కారింది. ఏటి ఒడ్డున కోసుకొచ్చి కప్పుకోవడానికి పెట్టుకుంది.

"గడ్డి ఇస్తా. వెంటి నేనే పేనిస్తా. రెండు సోలలు జొన్నలు కొలవండి" అంది.

"అవి ఇత్తనాలు అవ్వా. తినే గింజలు గాదు" అన్నాడు బావ.

"గింజ మొగాన రాసుండాదా, ఇది తినేది, ఇది సల్లేది అని?"

"మళ్లీ వాన వస్తే నీ ఇల్లు కారదా అవ్వా?" అన్నాను నేను.

"కారనీ. తడిసి బతికినోళ్లు ఊరి నిండా ఉండారు. తినకుండా బతికినోణ్ణి ఒకణ్ణి పిలుచుకొనిరా, సూస్తాను."

అక్క అప్పటికే మా పాలు గోతం మూతి విప్పుతోంది.

"మన పాలే తగ్గతాది మే" అన్నాడు బావ మెల్లగా.

"పోయినేడు ఇత్తనం కుండ మట్టి పగలగొట్టి వండింది నేను. అప్పుడు నువ్వు రెండు ముంతలు తాగినావు. తిన్నోళ్లం, ఇంకొకరిని తినొద్దని ఎట్టా అంటాం?"

సోల అవ్వే తెచ్చింది. అక్క అంచుకు సమంగా తలకొట్టి కొలవలేదు. రెండుసార్లూ శిగ ఎత్తి పోసింది. అవ్వ పైట చెంగులో మూట కట్టుకుని, అందులోంచి పిడికెడు గింజలు పచ్చివే నోట్లో వేసుకుంది. అలా నములుతూనే వెంటి పేనడానికి కూర్చుంది. గడ్డి తడిపి నేను అందించాను. ఆమె అరచేతుల మధ్య అది పాములాగ పొడుగవుతూ పోయింది. ఇంత సేపు పట్టుకుని ఉన్న నా తొందర ఆమె చేతుల ముందు సిగ్గుపడింది. అంత వేగంగా పేనే మనుషులను మళ్లీ చూడలేదు.

బావ చక్రాలకు వెంటి బిగించి చుట్టాడు, పైన నీళ్లు కొట్టాడు. గోతాలు ఎక్కించాం. బండి ఇసుకలోకి దిగింది. ఈసారి చక్రం ఇసుకను కోయలేదు. తొక్కి అణచింది, దాని మీదుగా పోయింది. పట్టా జాడ బొటనవేలు వెడల్పు ఉండేది, ఇప్పుడు మూరెడు వెడల్పున బాట పడింది. ఎద్దులు ఒక్కచోట మాత్రం నిలిచాయి. అక్కా నేనూ వెనక నుంచి భుజం వేశాం. అంతే. బిగువు తీసేస్తే చక్రానికి ఇంత దారి దొరుకుతుందని నేను ఆనాడు చూశాను. అయితే అప్పుడు ఆలోచించే తీరిక లేదు. పట్టాలు మేము బయలుదేరిన గట్టునే ఉన్నాయి. బరువని బండిలో వేయలేదు. బావా నేనూ వెనక్కి వెళ్లి వాటిని చేత్తో దొర్లించుకుంటూ తెచ్చాం. ఇసుకలో అవి పది అడుగులకొకసారి పడిపోయేవి. లేపడం, దొర్లించడం, పడిపోవడం. "బామ్మర్దీ, బండి మనల్ని మోయాల్సింది పోయి మనం బండిని మోస్తా ఉండాం" అన్నాడు బావ. ఆ రోజు ఆయన నవ్విన నవ్వు అదొక్కటే.

నాలుగో రోజు తెల్లవారగానే కదిలాం. ఇసుకలో అంత మేలు చేసిన గడ్డి రాళ్ల మీద రెండు కోసులు కూడా రాలేదు. పీచు పీచై దారి పొడుగునా రాలింది. బావ తలగుడ్డ విప్పి చుట్టాడు, కోసెడు దూరం వచ్చింది. నా పైపంచె ఇచ్చాను, అదీ చిరిగింది. ఆ తరువాత ఉత్త కొయ్య. రాయి తగిలినప్పుడల్లా చక్రం అంచు పెచ్చు ఊడి పడేది. బావ ప్రతి పెచ్చునూ వెనక్కి తిరిగి చూసేవాడు. అక్క బండి దిగి నడుస్తోంది. దారి పక్క చేలల్లో అక్కడక్కడ గొర్రు కట్టి విత్తుతున్నారు. ప్రతిచోటా ఆగి, వంగి, గుప్పెడు మట్టి తీసి పిసికేది. నేను ఆమె ముఖమే చూసేవాణ్ణి. ఒకచోట పెళ్లలుగా విరిగింది. ఇంకొకచోట పొడిగా రాలింది. ఆమె నడక పెంచింది. మధ్యాహ్నం గంజి తాగడానికి ఆగుదామని బావ అంటే, "మీరు తాగండి, నేను పోతా ఉంటా" అని ఆగకుండా ముందుకు పోయింది. మేమూ ఆగలేదు.

ఊరు అరకోసు ఉందనగా కుడి చక్రం అంచులో ఒక ముక్క పూర్తిగా ఊడి వచ్చింది. బండి ఒరిగి నిలిచింది. బావ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, బండిలో పెట్టాడు. ఎద్దులను విప్పాడు. నేను ఊళ్లోకి పరుగెత్తి దాయాదులిద్దరినీ పిలుచుకొచ్చాను. ఎవరి గోతం వాళ్లు నెత్తికెత్తుకున్నారు. మిగిలినవి బావా నేనూ మోశాం. దుర్గం కొండ నీడ అప్పటికే చేలు దాటిపోయింది.

అక్క ఇంటికి రాలేదు. నేరుగా చేలోకి పోయింది. గోతం వాకిట్లో దించి నేనూ వెనకాలే వెళ్లాను. కనుచీకటి పడుతోంది. ఆమె మోకాళ్ల మీద కూర్చుని చేత్తో తవ్వుతోంది. పై మట్టి బూడిదలాగ లేచింది. జానెడు లోతుకు పోయాక చేయి ఆగింది. పిడికిట్లో పిసకడం కనిపించింది. లేచి నిలబడి పడేసింది. ముద్ద పడడం వినిపించింది గాని, ఎలా విరిగిందో నాకు కనిపించలేదు.

"ఏమైందక్కా?"

ఆమె వంగి తడిమింది. మళ్లీ తడిమింది.

"పోయి మీ బావకు చెప్పు. పొద్దు పొడిచేలోగా గొర్రు కట్టమను" అంది.

ఐదో రోజు పొద్దున విత్తాం. బావ గొర్రు తోలాడు. అక్క వెనక నడుస్తూ గింజ పోసింది. వేళ్ల సందున గింజ జారే ధారను ఆమె ఎంత సన్నగా పట్టిందంటే, మధ్యలో ఒకటి రెండుసార్లు బావ వెనక్కి తిరిగి, "పోస్తా ఉండావా?" అని అడిగాడు. "తోలు" అంది. అయినా చేను చివర నాలుగు సాళ్ల వెడల్పున ఒక పట్టీ మిగిలిపోయింది. గింజ అయిపోయింది. బావ గొర్రు ఎత్తి ఆ ఖాళీ జాగా వైపు చెయ్యి చూపించి, "అదిగో, అవ్వ ఇంటి కప్పు" అన్నాడు. అక్క కొంగు దులుపుకుంది. ఒకే ఒక్క గింజ రాలితే దాన్ని కూడా కాలితో మట్టిలోకి తొక్కింది. నాలుగో నాటికి మొలక కనిపించింది. ఆ ఏడు వెనక వానలు కూడా సరిగ్గానే పడ్డాయి. కంకి పెద్దది కాలేదు గాని తిండికి సరిపోయింది, అటక మీదికి విత్తనపు కుండ ఎక్కింది.

పట్టాలు రెండూ ఆ ఏడంతా ఇంటి గోడకు ఆనించి ఉన్నాయి. చక్రాలకు కొత్త కొయ్య వేయించడానికి బావకు ఏడెనిమిది నెలలు పట్టింది. అన్నాళ్లూ ఆయన కట్టెలు, కసువు అన్నీ నెత్తిన మోశాడు. ఆ చక్రాల మాట ఎత్తి అక్కను ఒక్కసారీ దెప్పలేదు. ఎవరైనా అడిగితే, "ఇత్తనానికి పోయినాయి" అనేవాడు.

తరువాతి ఎండాకాలం చక్రాలు, పట్టాలు దొర్లించుకుని ఇద్దరం ఆత్మకూరు వెళ్లాం. అదే కమ్మరి. ఆ ఏడు అతని తొట్టిలో నీళ్లున్నాయి. చక్రం నానవేసి, మరునాడు పుల్లతో చుట్టూ కొలిచి, పట్టా మీద బొగ్గుతో గీత పెట్టాడు.

"ఎంత బిగించమంటావు?" అని అడిగాడు.

"కొంచెం వదులుగా ఉండనీ" అన్నాడు బావ.

"వదులైతే దారిలో జారదా?"

"జారితే దిగి తొడుక్కుంటా. వాన వొస్తే మాత్రం నేను యాడికి పోను?"

కమ్మరి చూరు కింద నుంచి తల బయటికి పెట్టి ఆకాశం చూశాడు. నడి ఎండాకాలం. మబ్బు తునక లేదు. వేలితో బొగ్గు గీత తుడిచి, కొంచెం అవతల ఇంకొకటి గీశాడు.